రాణిగారి టేబుల్ ఫ్యాన్

రాజ్యం ఎప్పుడో పోయినా రాజుగారి దర్జా పోలేదు. సముద్రం చూడాలని రాణిగారు ముచ్చటపడి, లోపలే పడుకుని వండుకునే వీలున్న క్యాంపర్ వ్యాన్ చేయించి, అది ఎక్కకుండానే కన్నుమూశారు. ఏడాదిగా వ్యాన్ కోట వాకిట్లోనే ఉంది. దానికి ఏ ఇన్వర్టర్ తెచ్చినా, "ఏసీ, ఫ్రిజ్, గీజర్ అన్నీ ఒకేసారి నడవాలి. ఇది మా స్థాయికి చాలదు" అని రాజుగారు తిప్పి పంపేసేవారు.

చివరికి కరెంటు పనిచేసే ముత్యాలును పిలిపించారు.

"ఇవాళ కోటలో మెయిన్ ఆపేస్తాను ప్రభూ. ఏది లేకపోతే ఉండలేరో అది అడగండి. దానికి సరిపడా ఇన్వర్టర్ పెడతాను" అన్నాడు ముత్యాలు.

రాజుగారు చెమటలు కక్కుతూ కూర్చున్నారు గానీ ఏసీ మాట ఎత్తలేదు. పొద్దు వాలాక మెల్లగా అన్నారు. "రాణిగారి టేబుల్ ఫ్యాన్ ఒక్కటి వెయ్యి. దాని టకటక వినకపోతే నాకు కునుకు పట్టదు."

"దానికైతే మొదట తెచ్చిన ఇన్వర్టరే ఎక్కువ ప్రభూ. ఇన్వర్టర్ చిన్నది కాలేదు. వ్యానే మీ ఒక్కరికి పెద్దదైపోయింది."



మర్నాడు ముత్యాలు వ్యాన్‌లో సీటు కింద చిన్న ఇన్వర్టర్ బిగించి, ఫ్యాన్ ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. రాజుగారు తన పక్కనున్న కిటికీ సీటు చూపించారు.

"అక్కడ పెట్టు. సముద్రం ఆ వైపే కనిపిస్తుంది."