మద్దిమాను మీద నాలుగు మాటలు

ఎండలు ముదిరితే ఆ అడవి మొత్తానికి ఒక్కటే మడుగు. ఆ మడుగుకి పోయే దారిలో ఎండిపోయిన మద్దిమాను ఒకటి. వడ్రంగిపిట్ట రోజూ పొద్దున్నే దాని మీద ముక్కుతో టకటకా కబుర్లు చెక్కేది. ఎక్కడ పళ్ళు రాలాయి, ఎటు నిప్పంటుకుంది, చిరుత ఎటు తిరుగుతోంది, అన్నీ. ఎవరైనా అది చదువుకున్నాకే నీళ్ళకి దిగేవాళ్ళు.

మొదట్లో పిట్ట రాత పిట్టంతే ఉండేది. ఆ తర్వాత నక్క తగులుకుంది.

"పిట్టమ్మా, ఇంత పొట్టిగా రాస్తే నీకు విలువేముంటుంది చెప్పు? చిరుత వచ్చిందని కాకి కూడా అంటుంది. నువ్వు దాని మచ్చలు వర్ణించు, నడక వర్ణించు. చదివినవాళ్ళు అక్కడే నిలబడిపోవాలి."

పొగిడితే ఎండుకట్టె కూడా చిగురిస్తుంది కదా, పిట్ట ఎంత. ఆ రోజు నుంచి ముందు సూర్యోదయం, తర్వాత పిల్లగాలి, చిరుత సంగతి ఎక్కడో చివర్లో. నక్క రోజూ వచ్చి "ఆహా" అనేది.

ఒకరోజు కుందేలు కుంటుకుంటూ వచ్చింది. ఒక చెవి సగమే ఉంది, మెడంతా నెత్తురు.

"అయ్యో, ఏమైందే?" అంది పిట్ట.

"నీ రాత చదువుతున్నానక్కా. మూడో వరుసలో ఉన్నా. వెనకనుంచి మీద పడింది."

"చిరుత ఉందని రాశాను కదే."

"ఎక్కడ రాశావ్? నేనింకా పిల్లగాలి దగ్గరే ఉన్నాను."

పిట్ట మాను మీది తన రాత వైపు తిరిగి చూసింది.

"ఒకటి అడుగుతా," అంది కుందేలు. "నీ పిల్లల దగ్గరికి పాము వస్తే ఏమంటావు?"

"పాము, లోపలికి పో, అంటా."

"మరి మాకేంటక్కా ఆ సూర్యోదయాలు?"

మర్నాడు పిట్ట తెల్లారకముందే మాను దగ్గరికి పోయింది. వాలిందో లేదో, కింద ఈతపొదలోంచి గుసగుసలు.

"ఇవాళ కూడా పొడుగ్గా రాస్తుందా?" చిరుత గొంతు.

"పొద్దెక్కేదాకా రాస్తుంది దొరా. జింకలు పిల్లల్తో సహా వస్తున్నాయి. చదువుతూ నిలబడతాయి, మీరు వెనకనుంచి కానివ్వండి. పేగులు మాత్రం నాకు వదలండి." అది నక్క.

పిట్ట గోళ్ళు బెరడు మీద జారిపోయాయి. అరిస్తే అంత దూరం వినబడదు. దూరంగా ఎండుటాకుల మీద గిట్టల చప్పుడు. వస్తున్నాయి. ముక్కెత్తింది. అలవాటు కొద్దీ 'బంగారు మేని మీద' అని మొదలుపెట్టబోయింది. కుందేలు చెవి గుర్తొచ్చి ఆగింది.

టక్, టక్. దారివైపు, పెద్ద అక్షరాలతో.

"ఏం రాస్తున్నావే పిట్టా?" కిందనుంచి చిరుత. పచ్చటి కళ్ళు సూటిగా పైకే చూస్తున్నాయి.

పిట్ట చెక్కుతూనే ఉంది. గుండె చప్పుడేదో ముక్కు చప్పుడేదో దానికే తెలియడం లేదు.

"వర్ణన దొరా, వర్ణన," అంది నక్క పొదలోంచే. ఏనాడు చదివింది గనక?

ముందు నడుస్తున్న తల్లిజింక తలెత్తింది. 'చిరుత ఉంది. వెనక్కి పోండి.' అంతే. ఆగింది లేదు, రెండోసారి చదివింది లేదు. గుంపంతా తిరిగి మాయమైపోయింది. తర్వాత అడవిపంది వచ్చింది, చూసింది, పోయింది. నెమలీ అంతే. ఎండ నడినెత్తికొచ్చింది. పొదలో చిరుత కడుపు గుర్రుమంది.

"నక్కా, ఒక్కరూ ఆగట్లేదేం? పోయి ఏం రాసుందో చూసి రా."

నక్క వెళ్ళింది. చూసింది. తోక కాళ్ళ మధ్యకి పోయింది.

"అదీ... దొరా, రాత అనేది ఒక సముద్రం లాంటిది. దాని లోతు చెప్పాలంటే ముందుగా మనం..."

"సూటిగా చెప్పు."

"సూటిగా అంటే, ఈ వసంతంలో గాలి..."

ఆకలి మీదున్న చిరుత ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగలేదు.

పైన పిట్ట కళ్ళు గట్టిగా మూసుకుంది. చాలాసేపటి దాకా తెరవలేదు.

ప్రాణం మీదికొచ్చే మాట ముందు చెప్పాలి; సొగసులు బతికున్నవాళ్ళు తర్వాత తీరిగ్గా వింటారు.