రాజముద్రకు అంటిన మామిడికాయ పప్పు

వైశాఖ శుద్ధ దశమి, బుధవారం, పొద్దెక్కి ఆరు ఘడియలైంది. పనసపురమనే ఒకానొక చిన్న రాజ్యంలో, కోట వీధి మొగలో దండోరా మోగింది. మా ఇంటి కోడళ్ళందరూ ఈ కథని తిథీ వారంతో సహా ఇలాగే చెప్పుకుంటూ వచ్చారు. నేనూ మార్చను.

"మార్తాండ మహారాజులుంగారి ఆజ్ఞ! రాజోద్యానంలో కాసిన మార్తాండభోగం ఒక్కటే ఇకమీదట మామిడి! తక్కిన చెట్లన్నీ రేపు తెల్లారేసరికి కొట్టేస్తారహో!"

ఆ కాయ గొప్పదే, కాదనకూడదు. పచ్చిది కొరికినా తీపే, పండితే తేనే. రాజుగారికి తీపంటే ప్రాణం. దానికి తన పేరు కూడా పెట్టుకున్నాక ఇక చెప్పాలా!

కాని కోట వీధి వంటిళ్ళ సంగతి వేరు. పప్పులోకి ఎదురింటివాళ్ళ గుండ్రటి కాయ. పులిహోరలోకి కరణంగారి పెరట్లో తెల్లకాయ. తాండ్రకి పీచురసాలు. ఆవకాయకి మాత్రం వీధి వీధంతా మా ఇంటికే రావాలి. మా పెరటి చెట్టుది టెంక గట్టిపడిన పుల్లకాయ, ముక్క నాలిక మీద పెడితే కన్ను మూతపడేది. అప్పట్లో మా ఇంటి పెద్దావిడ నాంచారమ్మగారు. ఆవిడ కాపురానికొచ్చిన ఏడు, వాళ్ళ అత్తగారు ఆవిడ చేత పాతించిన టెంక అది.

దండోరా విని నాంచారమ్మగారు చెట్టు మొదట్లో కూలబడ్డారు. "ఒరేయ్ పేరయ్యా, ఇది పోతే పొద్దున్నే లేచి దేని మొహం చూడనురా?"

కొడుకు పేరయ్య రాజుగారి కొలువులో మాటకారి. "అమ్మా, నువ్వు గోపాలస్వామి దగ్గర దీపం పెట్టు. నేను రాజుగారికి విస్తరి వేస్తాను," అని తిన్నగా కోటకి వెళ్ళాడు.

"ప్రభూ, మార్తాండభోగంతో తొలి విందు మా ఇంట ఆరగించాలి. వేరే కాయ వాసన కూడా తగలనివ్వం."

"చూశావా మంత్రీ, భక్తంటే ఇదీ!" అని రాజు మీసం దువ్వాడు.

మధ్యాహ్నం రాజూ మంత్రీ వచ్చి పీటల మీద కూర్చున్నారు. రాజు మొదటి ముద్ద కలిపి నోట పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇదేమిటి, పాయసం ముందే వడ్డించారా?"

"అది పప్పండి, ప్రభూ."

"మరి ఇది?"

"పులిహోర. పులుపొక్కటే రాలేదు. దాన్ని రేపు నరికేస్తున్నారు కదా!"

పొద్దున కలిపిన ఆవకాయ వేశారు. ముక్క వేలితో నొక్కితే గుజ్జయిపోయింది. రాజుకి నోరు వెగటెక్కింది. కలిపిన చెయ్యి గాలిలో అలాగే ఉంది.

"పుల్లగా ఏదైనా పడెయ్యవయ్యా!"

"పెరట్లో ఉంది, ప్రభూ. కాని అది మరణశిక్ష పడ్డ ఖైదీ. దాన్ని వంటింట్లోకి తెస్తే నా తల ఉంటుందా?"

"నేనే చెబుతున్నాను కదా!"

"ముద్ర లేని మాట చెల్లదన్నవారూ మీరే."

మంత్రి తాటాకు అందించాడు. పేరయ్య రాసింది చూసి రాజు కనుబొమలు ముడిచాడు. "అన్ని చెట్లకీ క్షమాభిక్షా? ఒక్క చెట్టుకి చాలదూ?"

"ఆవకాయ చెట్టు మాది, ప్రభూ. పప్పు చెట్టు ఎదురింటిది, పులిహోర చెట్టు కరణంగారిది. తమకి ఎన్ని ముద్దల ఆకలో నాకేం తెలుసు?"

సిరా తెచ్చేదాకా రాజు ఆగలేదు. పప్పంటిన ఉంగరాన్నే తాటాకు మీద గట్టిగా అద్దేశాడు.

అప్పుడు నాంచారమ్మగారు నిరుటి జాడీ మూత తీశారు. వేడన్నంలో ఆవకాయ, పైన నెయ్యి. ఒక్క ముద్దకే రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికే అనుకున్నారంతా.

"ఆవకాయ కలిపిన పళ్ళెంలో అన్నం వేసి, మా దాది చేతిలో ముద్ద పెట్టేది," అన్నాడు రాజు మెల్లగా. "ఇప్పుడెవరు పెడతారు? వెండి గిన్నెలో తెచ్చి దూరంగా నిలబడతారు."

ఇంతలో ఆయన చూపు పప్పుముద్ర పడ్డ తాటాకు మీద పడింది. ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఓరి పేరయ్యా! నా కాయతోనే నన్ను కొట్టావు కదరా!" అంటూ మెడలో హారం తీసి అతని మెడలో వేశాడు.

మర్నాడు గురువారం. కబురందని గొడ్డలివాళ్ళు ఇద్దరు తెల్లారకుండానే వచ్చేశారు. నాంచారమ్మగారు తాటాకు చూపించి, "కొట్టడానికేగా వచ్చారు, కూర్చోండి నాయనా," అని వాళ్ళ ముందుకి కత్తిపీటలు తోశారు. వాళ్ళు టెంకతో సహా కాయలు చీలుస్తుంటే, వీధిలోని ఆడవాళ్ళంతా ముక్కముక్కనీ పొడిగుడ్డతో తుడిచారు. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. గోపాలస్వామికి నివేదన అయ్యాక జాడీలు నింపి, ఎర్రగా మిగిలిన పళ్ళెంలో వేడన్నం కుమ్మరించారావిడ.

గొడ్డలివాళ్ళకి చెరొక ముద్ద. ఎదురింటివాళ్ళకి, కరణంగారికి, పేరయ్యకి. తలెత్తకుండా కలుపుతూ, చాచిన చేతుల్లో పెట్టుకుంటూ పోతున్నారు. వరస చివర ఇంకో చెయ్యి చాచుకుని ఉంది. దాని వేలికి ఉంగరం, ఉంగరం గాట్లలో ఎండిపోయిన పసుప్పచ్చటి పప్పు.

నాంచారమ్మగారు తలెత్తి చూశారు. ముద్ద మాత్రం వెనక్కి తీసుకున్నారు.

"ముందు వెళ్ళి చెయ్యి కడుక్కురా, నాయనా."

మహారాజు నూతి దగ్గరికి పరుగెత్తాడు.