చెయ్యి ముందు, కత్తి వెనక

మా పెద్ద డాక్టరు జోగారావు గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. సాలూరులో ఆయన కంటి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆపరేషన్ గది నర్సుగా చేశాను కనుక ఈ మాట ధైర్యంగానే రాస్తున్నాను. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన డాక్టర్లందరూ మొదట్లో ఈ అలవాటుకి విసుక్కున్నవాళ్లే. హరనాథ్ అయితే ఒకసారి ఏకంగా అలిగాడు.

దానికి కారణం దాలయ్య. మా ఎదురుగా, లారీల స్టాండు పక్కన ఉన్న సెలూను ఆయనది. నలభై ఏళ్లుగా మడత కత్తితో గడ్డాలు గీసిన మనిషి. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది, ఎడమ కన్ను కూడా మసకే. ఆ మధ్య ఒక డ్రైవరుకి చెవి కింద కత్తి గీరుకుంది. అంతే, స్టాండంతా పాకిపోయింది. జోగారావు గారు తప్ప కుర్చీ ఎక్కేవాళ్లే లేకపోయారు. ఇంకా ఆలస్యం చేస్తే కుడి కన్ను దక్కదని చెప్పాం. ఆ కన్ను పోతే ఆయన కత్తి మడిచి లోపల పెట్టేయాల్సిందే. అంత తెలిసీ ఆ మహానుభావుడు రెండుసార్లు ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచి పారిపోయాడు! రెండోసారి మా ఆకుపచ్చ గౌనుతోనే రోడ్డు దాటేశాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ ఆపరేషన్ చేయాల్సిన హరనాథ్ ఆ సాయంత్రం ముఖం ముడుచుకుని గురువుగారి ముందు నిలబడ్డాడు.

"సార్, నేను ఏదీ దాచలేదు. ప్లాస్టిక్ కంటి బొమ్మ చూపించి మరీ వివరించాను. వెయ్యిమందిలో ఒక్కరికి తప్ప ఏమీ కాదన్నాను. 'ఆ ఒక్కడూ నానే అయితే ఏటి బాబూ?' అన్నాడు. భయం పోవాలంటే ఇంకా ఏం చెప్పాలి సార్?"

జోగారావు గారు అతని ముఖం వంక చూసి, "గడ్డం పెరిగింది. దాలయ్య దగ్గర గీయించుకుని రా, కత్తితోనే" అన్నారు.

"ఆయనకి కన్ను కనపడదు కదండీ!"

"ఒకటి కొంచెం కనపడుతుందిలే."

మధ్యలో ఇతనూ పారిపోతాడేమోనని నన్ను తోడు పంపారు.

హరనాథ్ కుర్చీ చేతుల్ని పట్టుకున్న పట్టు చూస్తే జాలేసింది. అతని పీక ముందు కత్తి, కత్తి వెనక మసక కన్ను. దాలయ్య తొందరపడలేదు. ముందు ఎడమ అరచెయ్యి అతని చెంప మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు.

"సెయ్యి ఏసినాను బాబూ. ఇది నా సెయ్యే. ఇప్పుడు నీళ్లు, సల్లగుంటాయి... ఇప్పుడు సెవి కింద కత్తి. గరగరమంటాది, అది ఎంట్రుకల సప్పుడే... ఇప్పుడు గెడ్డం కింద. ఊపిరి బిగబట్టకండి, ఒగ్గీండి."

ఒక చెంప అయ్యేసరికి హరనాథ్ వేళ్లు సడలాయి. రెండోది అయ్యేసరికి కళ్లు మూసుకున్నాడు. లేచాక, "ఎప్పుడూ ఇలా చెబుతూనే గీస్తావా?" అని అడిగాడు.

"మీ పీక మీకు కనపడదు కదా బాబూ! కనపడని సోట మన సెయ్యి తిరిగినప్పుడు సెప్పుకుంటా ఎల్లాల."

హరనాథ్ ఆయన చెయ్యి పట్టుకుని, "రేపు పొద్దున్న రా. నేనూ చెప్పుకుంటూ వెళతాను" అన్నాడు.

దాలయ్య వచ్చాడు. బల్ల ఎక్కాడు. ముఖం మీద బట్ట కప్పాక మనిషి భయం కాలివేళ్లలో కనిపిస్తుంది. నేను వాటినే చూస్తున్నాను, గడగడలాడుతున్నాయి. హరనాథ్ ఏ పనిముట్టూ అందుకోలేదు. అరచెయ్యి ఆయన నుదుటి మీద ఆనించాడు.

"చెయ్యి వేశాను దాలయ్యా. ఇది నా చెయ్యే. ఇప్పుడు నీళ్లు, చల్లగా ఉంటాయి... ఇప్పుడు గుయ్‌మంటుంది, అది మిషను చప్పుడే... ఊపిరి ఒగ్గీ."

వేళ్లు ఒక్కొక్కటే కుదురుకున్నాయి. ఆ తర్వాత చివరిదాకా కదలలేదు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. జోగారావు గారు మూల నిలబడి అంతా చూశారు.

మర్నాడు హరనాథ్ కట్టు విప్పాడు. దాలయ్య రెప్పలాడించి, అతని ముఖాన్ని పరీక్షగా చూసి, ఒక్కసారిగా కేకపెట్టాడు.

"ఓలమ్మో! సెవి కింద ఇంత గెడ్డం ఒగ్గీసినానా? నలభై ఏళ్ల పనోణ్ణి, సిగ్గుసేటు! ఏదీ, నా కత్తి తెండి!"

వార్డంతా గొల్లున నవ్వింది. ఆ రోజు ఆపరేషన్‌కి కూర్చున్న పదకొండు మందీ ఆ నవ్వు విన్నారు, ఒక్కరూ లేచి పోలేదు. నెల తిరిగి, దాలయ్య మళ్లీ కత్తి పట్టాక కుర్చీ ఎక్కిన మొదటి మనిషి హరనాథ్. రెండోవాడు ఆ చెవి గీరుకున్న డ్రైవరే. అతని వెనక బెంచీ నిండిపోయింది.

సోమవారం కొత్త డాక్టర్లు వస్తున్నారని తెలిసి, హరనాథ్ కాగితం, కలం పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"సార్, రోగి భయం ఎలా పోగొట్టాలో వాళ్లకి ముందే రాసి పంపుదామనుకుంటున్నాను. ఏం రాయమంటారు?"

జోగారావు గారు కిటికీలోంచి సెలూను వైపు చూశారు.

"గడ్డం గీసుకోకుండా రమ్మని రాయి."