నిద్రగన్నేరు ఆకులు ముడిచిన సాయంత్రం

ఒకప్పుడు నిద్రగన్నేరు చెట్టు పొద్దుగూకినా ఆకులు ముడుచుకునేది కాదు. మబ్బు పట్టినా ముడుచుకునేది కాదు. ఎప్పుడు చూసినా పందిరిలా విచ్చుకునే ఉండేది.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉండేది. పట్నం చివర రాళ్లు కొట్టగా మిగిలిన బీడు నేల ఉండేది. "ఇక్కడ జనమంతా వచ్చి చూసేలా ఒక తోట వేద్దాం" అనుకున్నారు పట్నం పెద్దలు. ఓడల మీద దేశదేశాల మొక్కలు తెప్పించారు.

వాటిలో నిద్రగన్నేరు మొక్క ఒకటి. మూడు నెలలు ఓడ అడుగున, చీకటి పెట్టెలో, ఆకులు నలిగి ముద్దయిపోయి వచ్చింది. తోటపని చేసే సన్యాసమ్మ దాన్ని రేవు నుంచి నెత్తిమీద మోసుకొచ్చి నాటింది. మొదటిసారి ఎండ తగలగానే మొక్క ఆకులు విప్పుకుంది. "ఇక చచ్చినా ముడుచుకోను" అని ఒట్టు పెట్టుకుంది.

ఏళ్లు గడిచాయి. చెట్టు ఎంత పెరిగిందంటే, దాని కింద వందమంది కూర్చోవచ్చు. సన్యాసమ్మ జుట్టు నెరిసింది.

అప్పుడే తోటలోకి జంతువులు రావడం మొదలైంది. ఒకరు ఎలుగుబంటిని తెచ్చిచ్చారు. ఇంకొకరు ఆడజింకను, మగజింకను తెచ్చిచ్చారు. జింకలకు ఆ చెట్టు కిందే కంచె కట్టారు.

"నువ్వూ పెట్టెలోనే వచ్చావా?" అని అడిగింది ఆడజింక.

"అవును. మరి నువ్వో?"

"నేను బండిలో. చుట్టూ చెక్కలే. మా అడవి ఎటు పోయిందో కూడా చూడలేదు."

చెట్టుకి మనసు కరిగింది. "ఇక్కడ నీ మీద ఎండ పడనివ్వను" అంది. అన్నట్టే పడనివ్వలేదు.

మరుసటేడు జింకకి పిల్ల పుట్టింది. ఆ ఏడే వానలు ఎగ్గొట్టాయి. కొండల నుంచి వచ్చే గడ్డిబండ్లు ఆగిపోయాయి. కంచెలో చూస్తే మట్టి తప్ప ఒక్క గడ్డిపోచ లేదు. జింకకి పాలు ఇంకిపోయాయి. పిల్ల లేచి నిలబడబోయి కూలబడిపోయేది.

తోట అధికారి వచ్చి చూశాడు. "ఈ చెట్టు కింద ఏమీ మొలవడం లేదు. రేపు పొద్దున్నే కొట్టించేద్దాం" అన్నాడు.

సన్యాసమ్మ రెండు చేతులూ జోడించింది. "వద్దు బాబూ. నా చేతుల్తో పెంచాను బాబూ."

"నాకు మాత్రం ఇష్టమా? పిల్ల బతకాలా, చెట్టు బతకాలా? నువ్వే చెప్పు సన్యాసమ్మా."

అధికారి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం జోడించిన చేతులతో అలాగే నిలబడిపోయింది.

చెట్టు వంగి, మట్టిలో దాగిన గడ్డివేరును అడిగింది. "నిజం చెప్పు. నిన్ను ఎండబెడుతున్నది నేనేనా?"

"కావాలని చెయ్యలేదులే" అంది గడ్డివేరు. "పగటి నీడ నాకూ మంచిదే. కానీ రాత్రి కురిసే మంచు నీ ఆకుల మీదే ఆగిపోతోంది. రాకరాక వచ్చిన నాలుగు చినుకులూ నువ్వే పట్టేసుకున్నావు. నాకు కాస్త దారివ్వు."

చెట్టు వంచిన కొమ్మలు పైకి లాక్కుంది. "ముడుచుకోవాలంటే నాకు భయం. మళ్లీ ఆ పెట్టెలోకి వెళ్లినట్టే ఉంటుంది. తిరిగి విప్పుకోలేకపోతే?"

జింక తల పైకెత్తింది. "ఇక్కడ నీ మీద ఎవరూ మూత వెయ్యరు. తెల్లారగానే నేనే పిలుస్తాను."

చెట్టు సన్యాసమ్మ చేతులకేసి చూసింది. రెండు అరచేతులు ఎంత మెత్తగా కలిసి ఉన్నాయో చూసింది. ఒక చిన్న ఆకును పక్క ఆకుతో అలాగే కలిపింది. తరవాత ఇంకో జత. చీకటి పడేలోగా కొమ్మకొమ్మా ముడుచుకుంది. ఆకుల సందుల్లోంచి ఆకాశం కిందికి కనిపించింది.

తెల్లారింది. "లే!" అని పిలిచింది జింక. చెట్టు భయంభయంగా ఒక్క ఆకు కదిపింది. అది విచ్చుకుంది! వెనకే అన్నీ విచ్చుకున్నాయి.

గొడ్డళ్ల వాళ్లతో వచ్చిన అధికారి కంచెలో చెయ్యి పెట్టి చూశాడు. మట్టి తడిగా ఉంది. గొడ్డళ్ల వాళ్లను ఆపి, "పది రోజులు చూద్దాం" అన్నాడు.

మూడో రోజు మబ్బు పట్టింది. చెట్టు పట్టపగలే ఆకులు ముడుచుకుని వానకి దారిచ్చింది. వారం తిరిగేసరికి నేలంతా పచ్చటి మొలకలు. జింకకి పాలు పడ్డాయి. పిల్ల లేచింది, నిలబడింది, పరిగెత్తింది. కంచె దాకా వెళ్లి ఆగింది. కంచె మాత్రం అలాగే ఉంది.

"దీనికి అడవి ఎలా ఉంటుందో తెలియదు" అంది జింక.

"మనం చెబుదాం" అంది చెట్టు.

అప్పటినుంచే నిద్రగన్నేరు చెట్టు పొద్దుగూకగానే ఆకు మీద ఆకు చేర్చి ముడుచుకుంటుంది, వాన మబ్బు కమ్మినా ముడుచుకుంటుంది. అంత దట్టమైన నీడ కిందా గడ్డి పచ్చగానే ఉంటుంది.