భల్లన్న పెట్టిన కేక

అనగనగా, ఏరూ గుట్టా పక్కపక్కనే ఉన్న ఒక పచ్చని అడవిలో, భల్లన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. అబ్బో, ఎంత బలశాలి అనుకున్నారు! చెట్టు ఎక్కితే ఉడతలే నోరు తెరుచుకుని చూసేవి. చిరుతపులి ఎదురొచ్చినా అడుగు వెనక్కి వేసేవాడు కాదు.

ఒక చలికాలం అడవి అంచున మనుషులు చెరకు గానుగ పెట్టారు. మిగిలిపోయిన బెల్లం ముద్దలు అవతల పారేసేవారు. భల్లన్న ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు.

"ఆహా! ఇంత తీపి ఇక్కడే దొరుకుతుంటే ఇంక దుంపలు తవ్వడమెందుకు? చెట్లెక్కడమెందుకు?" అన్నాడు.

అంతే! తినడం, పడుకోవడం, లేచి మళ్లీ తినడం. అలా కొన్ని చలికాలాలు గడిచాయి. భల్లన్న పొట్ట కుండలా అయింది.

మొదట దాహం పట్టుకుంది. ఏట్లో మూతి పెడితే తీసేవాడే కాదు. "బెల్లం తిన్న నోరు కదా, దాహం వెయ్యదా ఏంటి?" అనుకున్నాడు.

తర్వాత మాటిమాటికీ పొద చాటుకు పరిగెత్తడం మొదలైంది. "చలికాలం కదా!" అనుకున్నాడు.

ఆ తర్వాత కాల్లో ముల్లు దిగింది. ముల్లు వచ్చేసినా పుండు మానలేదు. "ముసలి ముల్లు. మొండిది!" అనుకున్నాడు.

ఒకరోజు చీమల పెద్ద ఎర్రక్క అతని ముందుకొచ్చి నిలబడింది.

"మామా, ఒక మాట చెబుతా. కోప్పడకూడదు మరి" అంది.

"చెప్పు, చెప్పు."

"నువ్వు వెళ్లొచ్చిన పొద చాటున మావాళ్లు బారులు తీరుతున్నారు. అక్కడ బెల్లమూ లేదు, తేనే లేదు. మరి ఆ తీపి ఎక్కడిది? నీ ఒంట్లోంచే వస్తోంది మామా!"

భల్లన్నకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "ఛీ ఛీ! నా చాటు సంగతులు నీకెందుకు? పో!" అని గుర్రుమన్నాడు.

ఆ సాయంత్రమే ఇప్పచెట్టు ఎక్కబోయాడు. కళ్ల ముందు అంతా మసక. ఒక్కటే కొమ్మ రెండుగా కనిపించింది. లేని కొమ్మ పట్టుకున్నాడు. దభీమని కిందపడ్డాడు!

అప్పుడు భయం వేసింది. కుంటుకుంటూ ముళ్లపంది వైద్యురాలు సూదమ్మ దగ్గరికి వెళ్లాడు. సూదమ్మ అంతా విని, తన వీపు మీంచి ఒక సన్నటి ముల్లు లాగింది.

"అత్తా! దాంతో ఏం చేస్తావ్?" అని భల్లన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒక్క చుక్క రక్తం చూడాలి నాయనా. చిరుతకు భయపడనివాడివి, ఈ ముల్లుకు భయమా?"

భల్లన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చురుక్! అయిపోయింది. చుక్క ఆకు మీద పడగానే ఎక్కడి చీమలో వచ్చి దాని చుట్టూ మూగాయి.

"రక్తంలో చక్కెర పెరిగిపోయింది. దీన్ని చక్కెర జబ్బు అంటారు" అంది సూదమ్మ.

"చచ్చిపోతానా అత్తా?"

"దాచుకుంటే కాళ్లకూ కళ్లకూ గుండెకూ ముప్పు. జాగ్రత్త పడితే హాయిగా బతుకుతావు. బెల్లం మానెయ్. ఆకులూ దుంపలూ సరిపడా తిను. రోజూ గుట్ట దాకా నడువు. నేనిచ్చే మందు మానకు."

"సరే అత్తా. కానీ ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు. పరువు పోతుంది!"

సూదమ్మ తలూపింది. భల్లన్న ఏటి ఒడ్డుకు నడిచాడు. అక్కడ అడవి జంతువులన్నీ నీళ్లు తాగుతున్నాయి. వాటి మధ్య అడవిపంది కోరయ్య తాగుతున్నాడు, తాగుతున్నాడు, ఇంకా తాగుతూనే ఉన్నాడు! వెనక కాలు ఈడుస్తున్నాడు కూడా.

భల్లన్నకు తన పుండు గుర్తొచ్చింది. 'నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది. మరి కోరయ్య బావ కాలు?'

గబగబా బండ ఎక్కాడు. అడవి దద్దరిల్లేలా కేక పెట్టాడు.

"అందరూ వినండి! నాకు చక్కెర జబ్బు వచ్చింది!"

భల్లన్న ఆగలేదు. తన దాహం, పొద చాటు పరుగులు, మానని పుండు, మసక కళ్లు, ఏదీ దాచకుండా చెప్పేశాడు. కోరయ్య మెల్లగా తలెత్తాడు.

"బావా... నాకూ అంతే. సిగ్గుపడి చెప్పలేదు."

"సిగ్గెందుకు బావా? పద, సూదమ్మత్త దగ్గరికి!"

ఇంకేముంది! అడవికి అడవే కదిలింది. సూదమ్మ గుహ ముందు ఒకటే సందడి, తోపులాట! ముల్లు చూడగానే ఏనుగు కళ్లు తిరిగి కూలబడింది. కోతులు విరగబడి నవ్వాయి. తమ వంతు రాగానే అవీ చెట్టెక్కేశాయి!

కోరయ్యకు జబ్బు ఉందని తేలింది. కాలు చెడిపోకముందే మందు పడింది. ఒక బక్కపలచని జింకపిల్లకూ ఉందని తేలింది. "నేను బెల్లం ముట్టనే లేదే!" అని అది ఏడ్చింది.

సూదమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది. "నీ తప్పేం లేదమ్మా. కొందరికి ఊరికే వస్తుంది. నీ మందు వేరు, రోజూ వేసుకోవాలి. వేసుకుని చెంగుచెంగున గంతులెయ్!"

ఏట్లోని వలస బాతులు ఇదంతా చూస్తున్నాయి. అవి హిమాలయాలు దాటి వెళ్లాల్సినవి. వాటి పెద్ద నీలవేణి రెక్కలు టపటపలాడించింది.

"భల్లన్నా! మా దేశాల్లోనూ దాహంతో అల్లాడేవాళ్లున్నారు. ఎందుకో వాళ్లకు తెలియదు. నీ కథ చెప్పమంటావా?"

"చెప్పు! నా పేరు పెట్టి మరీ చెప్పు! దారిలో కనిపించిన ప్రతి పక్షికీ చెప్పు!"

బాతులు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. కింద జంతువులన్నీ కేకలు వేస్తూ సాగనంపాయి. ఆ కబురు పక్షి నుంచి పక్షికి పాకి, కొండలు దాటింది, ఎడారులు దాటింది, సముద్రాలు దాటింది.

మళ్లీ చలికాలం వచ్చింది. భల్లన్న పుండు మానింది. అతను ముందు, మిగతావాళ్లు వెనక, రోజూ పొద్దున్నే గుట్టెక్కుతున్నారు. ఒక ఉదయం వాళ్లు కొన మీద ఉండగా ఆకాశంలో బాతుల బారు కనిపించింది.

"వచ్చేశారు! వచ్చేశారు!" అని అందరూ గంతులేశారు.

నీలవేణి ఆయాసపడుతూ వచ్చి భల్లన్న ముందు వాలింది. "మంచుదేశం నుంచి ఒక తెల్ల ఎలుగుబంటి నీకు కబురంపింది. 'అన్నా, నువ్వెవరో నాకు తెలియదు. కానీ నువ్వు దాచుకోకుండా చెప్పావు కాబట్టి నేను వేళకు వైద్యం చేయించుకున్నాను. నా కళ్లు నిలిచాయి. ఇవాళ నా బిడ్డ ముఖం చూసుకుంటున్నాను' అని చెప్పమంది."

భల్లన్న ఉత్తరం వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

నీతి: జబ్బు రావడం సిగ్గుపడే పని కాదు. ముందే పరీక్ష చేయించుకుంటే మన ప్రాణం నిలుస్తుంది, దాచకుండా చెబితే పదిమంది ప్రాణాలు నిలుస్తాయి.