గుట్టెక్కిన వావిలి పొద

గరుకుగుట్ట మీద మట్టి తక్కువ, రాయి ఎక్కువ. అలాంటి చోట బతికే పొదలు నాలుగే నాలుగు: బలుసు, రేగు, కలివి, తంగేడు. కౌజుపిట్ట పొడలమ్మ తన ఆరుగురు పిల్లలకూ పుట్టిన మూడో రోజు నుంచే వాటి పేర్లు వల్లె వేయిస్తోంది. ఆ జాతికి పరుగే గానీ ఎగరడం అంతంత మాత్రం. ఏ పొద ఎందుకు పనికొస్తుందో తెలియకపోతే బతుకు తెల్లారినట్టే.

"డేగ వస్తే?"

"బలుసు కిందికి. ముల్లు కాపాడుతుంది."

"ఊరకుక్క వస్తే?"

"రేగు గుబురులోకి."

"మరి తంగేడు?"

"నీడకే అమ్మా, దాక్కోవడానికి కాదు."

ఒకరోజు పొద్దున్నే ఆ పాఠం మధ్యలో ఆగిపోయింది. రెండు బండల నడుమ, నిన్నటిదాకా ఉత్త రాయి ఉన్న చోట ఒక పొద నిలబడి ఉంది. ఐదేసి వేళ్లలాంటి ఆకులు. గాలి వీచినప్పుడు ఆకులు తిరగబడి అడుగున బూడిద రంగు కనిపిస్తోంది.

"అదేం పొదమ్మా?" అంది కడసారపు పిల్ల.

"వావిలి. దాని ఇల్లు కింద వాగొడ్డున, తడి ఇసకలో. నీళ్లకి వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. గుట్ట మీద ఎప్పుడూ చూళ్లేదు. మీరు మాత్రం దాని దగ్గరికి పోకండి."

మధ్యాహ్నానికి ఆ పొద ఆకులన్నీ వాడి వేలాడాయి. సాయంత్రానికి అసలు పొదే లేదు. మర్నాడు తెల్లవారేసరికి మళ్లీ అక్కడే పచ్చగా ఉంది. అక్కడే అంటే సరిగ్గా అక్కడ కాదు, పది అంగలు ఇవతలికి. పొడలమ్మ కళ్లార్పకుండా చూసింది. దాని పూల మీద ఒక్క తేనెటీగ వాలలేదు. ఆకుల మీద ఒక్క చీమ పాకలేదు.

మూడోరోజు ఆ పొద మాట్లాడింది.

"పొడలా... ఇటు రావే పొడలా..."

అది ఆమె మొగుడు గంటన్న గొంతు. పిల్లలింకా గుడ్లలో ఉండగానే వాగుకి నీళ్లకని వెళ్లి, తిరిగిరాని గంటన్న. పిల్లలు తండ్రిని చూడలేదు గానీ పెంకులోంచి ఆ గొంతు విన్నారు. ఆరుగురూ ఒక్కసారి తలలెత్తి ఉరికారు. పొడలమ్మ రెక్కలు చాచి అడ్డం నిలబడింది. ఆమె కాళ్లూ అటే లాగుతున్నాయి. ఆ గొంతు కోసం ఎన్ని పొద్దులు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

బండ మీద ఎండ కాచుకుంటున్న నక్క చిట్టెయ్య ఒళ్లు విరుచుకున్నాడు. "ఏం వదినా, కట్టుకున్నవాడు నోరారా పిలుస్తుంటే అలా గుడ్లప్పగించి చూస్తావేం? పిల్లల్ని తీసుకుని ఆ పొదలో చేరు. సంసారమంతా ఒకచోట ఉంటుంది."

"ఆ పొద ఈ గుట్టది కాదు మరిదీ."

"నీ చాదస్తం కూల. పొదకి కూడా కులగోత్రాలు అడుగుతారా ఎక్కడైనా?"

పొడలమ్మకి అర్థమైంది. బలుసు ముళ్లకి మూతి చీరుకుని చీరుకుని విసిగిపోయాడు ఈ చిట్టెయ్య. వావిలికి ముల్లుండదు. అందులో ఏడుగురు చేరితే ఏడు ముద్దలు. అయితే ఆ పొద సంగతి అతనికీ తెలియదని ఆమె గమనించింది.

పిల్లల్ని బలుసు కింద కదలొద్దని కూర్చోబెట్టి, ఒక పొద చాటు నుంచి ఇంకో పొద చాటుకి నక్కుతూ చుట్టూ తిరిగి వావిలి వెనక్కి వెళ్లింది. ఏ పొద మొదట్లోనైనా రాలిన పాత ఆకులుంటాయి, చీమల పుట్టలుంటాయి. ఇక్కడ ఏమీ లేవు. ఊడ్చినట్టు ఉత్త రాయి. వేళ్లు ఉండాల్సిన చోట రెండు మనిషి పాదాలున్నాయి, పగిలిన మడమలతో. వాటి పక్కన ఒక వెదురు బుట్ట. బుట్ట సందుల్లోంచి గుట్ట వైపే చూస్తూ గంటన్న. పొద ముందు నేలంతా సన్నటి తీగ ఉరులు.

పొడలమ్మ నోరు తెరవబోయింది. పేరు పెట్టి పిలవాలనిపించింది. పిలిస్తే ఆ పాదాలు కదులుతాయి. నోరు నొక్కుకుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చేసింది.

"ఏం వదినా, మా అన్నేనా?" అన్నాడు చిట్టెయ్య.

"ఆయనే. ఎగిరే వీల్లేదు, కదిలే వీల్లేదు. అందుకే బయటికి రాలేకపోతున్నాడు."

చిట్టెయ్య నోట్లో నీళ్లూరాయి. "అయ్యో పాపం. ఆడదానివి, నువ్వేం చేస్తావు? నేనెళ్లి తీసుకొస్తా ఉండు."

"మళ్లీ చెప్తున్నా మరిదీ. అది ఈ గుట్ట పొద కాదు."

ఆ మాట వినడానికి చిట్టెయ్య అక్కడ లేడు. పొట్ట నేలకి ఆనించి పాకుతూ వావిలి ముందుకి చేరాడు, ఒక్క దూకు దూకాడు. నాలుగు కాళ్లకీ నాలుగు ఉరులు పడ్డాయి. అతను గింజుకున్నకొద్దీ అవి బిగిశాయి.

అప్పుడు పొద లేచి నిలబడింది. ఆకుల్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి చిట్టెయ్యని వెనక కాళ్లు పట్టి పైకెత్తింది. తర్వాత పొద తాపీగా గుట్ట దిగి వెళ్లిపోయింది. ఆకులు గలగలలాడుతుంటే గంటన్న గొంతు దూరమవుతూ, దూరమవుతూ వాగు దగ్గర ఆగిపోయింది.

పొడలమ్మ బలుసు కిందికి, పిల్లల దగ్గరికి వెళ్లింది.

"అది నాన్నేనా అమ్మా?" అంది కడసారపు పిల్ల.

"నాన్నే."

"పిలిస్తే మనమెందుకు వెళ్లలేదు?"

"పిలిచినట్టుంది గానీ అది పిలుపు కాదే. ఇల్లు కనిపించి ఏడ్చాడు. ఆ ఏడుపుని ఆ పొద ఎత్తుకు తిరుగుతోంది." ఆ మాట అని పొడలమ్మ మొహం అటు తిప్పుకుంది.

మర్నాడు తెల్లవారగానే పాఠం మొదలైంది.

"వావిలి ఎక్కడుంటుంది?"

"వాగొడ్డున."

"గుట్ట మీద కనిపిస్తే?"

పిల్లలు జవాబు చెప్పేలోపే దిగువ నుంచి ఆ గొంతు వినిపించింది. "పొడలా... ఇటు రావే..." నిన్నటికంటే దగ్గరగా ఉంది. పొడలమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి ఆరుగురిలో ఒక్కరూ లేరు. బలుసు కింద పన్నెండు కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ఆమె కూడా తల వంచి ఆ ముళ్లలోకి దూరింది.

నీతి: పిలిచే గొంతు మనవాళ్లదే అయినా, అది ఏ పొదలోంచి వస్తోందో చూసుకునే అడుగు వెయ్యాలి.