ముల్లు అరగదీసిన గాలం

ముందుది వెనక, వెనకది ముందు చెప్పేస్తానేమో పిల్లలూ, ఈమధ్య వరసలు తప్పుతున్నాను. కథ మాత్రం గుర్తుంది.

అనగనగా తామరతూళ్లు నిండిన ఒక పెద్ద మడుగు. దాని ఒడ్డున జాలయ్య అనే జాలరి. భార్య పోలమ్మ పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి ఒక్కడే వండుకునేవాడు, ఒక్కడే తినేవాడు. రోజు మొత్తంలో అతను మాట్లాడేది తన కర్రచేపతోనే.

బూరుగు కర్రతో తానే చెక్కిన ఎర అది. పసుపూ మసీ పూసి, పొట్ట కింద మూడు కొక్కేలు కట్టాడు. ఒక్కో కొక్కేనికి వెనక్కి తిరిగిన చిన్న ముల్లు. పట్టిందంటే వదలదు.

మొదటి రోజు కర్రచేప తూళ్లలో చిక్కింది. జాలయ్య మెడలోతు నీళ్లలో దిగి విడిపించుకున్నాడు.

పక్క దోనెలో చేపలు పడుతున్న సింగన్న నవ్వాడు. "ఏం బావా, ఇవాళ తామరతూళ్ల కూరా?"

రెండో రోజు వేలెడంత పిల్లచేప పడింది. ఒక కొక్కెం నోట్లో, ఒకటి కంట్లో. జాలయ్య దాన్ని నీళ్లలో వదిలాడు. అది వెల్లకిలా తేలింది. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

మూడో రోజు నీళ్లలో ఎర్రటి మబ్బులా కొర్రమీను పిల్లలు కనిపించాయి. అక్కడ ఎర వేస్తే తల్లి తప్పక పడుతుందని ఆ మడుగు జాలర్లకు తెలుసు. అది ఆకలితో కరవదు. పిల్లల జోలికి వచ్చారన్న కోపంతో కరుస్తుంది. జాలయ్య సరిగ్గా వాటి మధ్యనే విసిరాడు. తల్లి పడింది.

"జాలయ్యా," అంది కొర్రమీను, "నీ ఆకలి నీది, కాదనను. కానీ నా పిల్లలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నల్లబడేదాకా నేను కాయకపోతే ఈ పూటే ఎవరో ఒకరు మింగేస్తారు. దిక్కులేకపోవడం ఏమిటో నీకు నేను చెప్పాలా?"

జాలయ్య గబగబా కొక్కెం లాగాడు. ముల్లు దాని పెదవిని చీల్చింది. అప్పుడు పట్టకారుతో ముల్లు విరిచి, మెల్లగా తీసి వదిలాడు. చీలిన పెదవితోనే తల్లి పిల్లల దగ్గరకు వెళ్లింది.

ఇంటికి వెళ్లి అతను రెండు కొక్కేలు ఊడదీశాడు. ముల్లు విరిగిన మూడోదాని బదులు కొత్త కొక్కెం తీసుకుని, దాని ముల్లు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. మొన పైకి ఉండేలా కర్రచేప వీపున బిగించాడు. ఇక తూళ్లు పొట్ట కిందనుంచి జారిపోతాయి. చిన్నచేప పడినా చిటికెలో ఊడివస్తుంది.

సింగన్న పగలబడి నవ్వాడు. "ముల్లు లేని గాలమా! చేపల్ని పిలిచి భోజనం పెట్టి పంపుతావా బావా?"

"పోయేవి పోనీ. తాడు బిగువుగా పట్టుకుంటే పూటకొకటి నిలుస్తుంది."

నిలిచింది కూడా.

ఎండలు ముదిరాయి. నీరు తగ్గి తూళ్లు పైకి తేలాయి. సింగన్న ఎరలు ఒక్కొక్కటే చిక్కి తెగిపోయాయి. జాలయ్య కర్రచేప మాత్రం జారుతూ వచ్చేది. ఒక ఉదయం దాని పక్కనుంచే చీలిన పెదవి కొర్రమీను వెళ్లింది, వెనక నల్లబడ్డ పిల్లలతో. జాలయ్య చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం సింగన్న తనకు మిగిలిన ఒక్క ఎరా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బావా, ఆ ఆకురాయి ఓసారి ఇస్తావా? పొద్దున్నే తెచ్చిస్తా."

"తీసుకెళ్లకు," అన్నాడు జాలయ్య చాప పరుస్తూ. "ఇక్కడే కూర్చుని అరగదీసుకో, కొక్కెం వీపున ఎలా బిగించాలో చూపిస్తాను. ఇద్దరికీ వండుతాను."

అందుకే పిల్లలూ, తన పొట్ట నింపుకునేటప్పుడు ఎదుటి ప్రాణి నొప్పి కూడా చూసుకునేవాడే నిజమైన పనివాడు.

అమ్మాయ్ తాయారూ, జాలయ్య, పోలమ్మ, సింగన్న... మీ అమ్మ చెప్పేటప్పుడు ఈ పేర్లేనా? నేనేమైనా తప్పు చెప్పానేమో ఒకసారి చూసిపెట్టవే.